డైవర్జ్ అంటే తెగిపోవడం కాదు

తమ్ముడూ,

నీ కథ చదివాను. అన్నదమ్ముల పంపకాల దగ్గర 'అంతటితో వాళ్ల దారులు డైవర్జ్ అయ్యాయి' అని రాశావు. ఇంగ్లిష్ మాట వాడావని కాదు నా పేచీ. నీ కథలో పెద్దమనుషుల ముందు గొడవ పడి, ఆ రాత్రే చిన్నవాడు పెట్టె సర్దుకుని పోయాడు. అది తెగతెంపులు. డైవర్జ్ అంటే కొద్దికొద్దిగా ఎడమవుతూ పోవడం, తెగతెంపులకు ఈ మాట అతకదు.

లాటిన్‌లో 'వెర్గెరె' అంటే ఒక వైపుకి వంగడం, ఒరగడం. దానికి ముందు 'వేరువేరుగా' అనే అర్థమిచ్చే 'డిస్' చేరి, 'డి' మాత్రం మిగిలింది. ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చింది 17వ శతాబ్దంలో. కాంతి కిరణాల గురించి రాసేవాళ్లకు బాగా పనికొచ్చింది. పుటాకార కటకం గుర్తుందా, స్కూల్లో బొమ్మ వేయించేవారు? సమాంతరంగా వచ్చిన కిరణాలు అది దాటాక ఒకే బిందువు నుంచి బయల్దేరినట్టు విచ్చుకుంటాయి. కటకం పక్కన ఎడం కనబడదు, గోడ దగ్గరికి వెళ్లేసరికి జానెడు. నీ కథకు కావలసింది ఆ మొదటి కాస్త వంపు.

డైవోర్స్ దీనికి చుట్టమనుకునేవు, కాదు. అది 'వెర్తెరె', అంటే తిరగడం, నుంచి వచ్చింది. మన రోడ్ల మీద కనిపించే డైవర్షన్ బోర్డుదీ ఆ వంశమే. అంచు అనే అర్థమున్న 'వెర్జ్' మూలం ఇంకొకటి: బెత్తం, కర్ర అనే అర్థమున్న 'విర్గ'. చూడ్డానికి ఒకేలా ఉన్న మాటల్ని ఒక ఇంట్లోవాళ్లని నమ్మేసే ముందు నిఘంటువు తెరిచి చూసుకో.

ఇక కథ సంగతి. వీళ్లు విడిపోవడం పంపకాల రోజున మొదలైందంటే నేను నమ్మను. అంతకుముందే ఎప్పుడో పెద్దవాడు ధాన్యం లెక్క తమ్ముడికి చూపించడం మానేసి ఉంటాడు. చిన్నవాడు అడిగి ఉండడు, మొహమాటం. తర్వాత ఒకరి భోజనం వేళకి ఇంకొకరు పొలంలో ఉండిపోవడం. ఎవరిదీ తప్పని చెప్పలేనంత చిన్నవి రాయి, కారణాలు చెప్పకు. అవి కుదిరితే పంపకాల సీను సగానికి కోసేయొచ్చు. ఆ పెద్దమనిషి ఉపన్యాసం ఎలాగూ పోవాలి.

వదినగారి పాత్ర బాగుంది, ఆమెను మాత్రం ముట్టుకోకు. తిరగరాశాక పంపు.

మీ అన్నయ్య