ఒకే మట్టికి రెండు భాస్వరం అంకెలు: ఏది నమ్మాలి?

ప్రశ్న: ఒకే మడి నుంచి తీసిన మట్టిని బాగా కలిపి, రెండు భాగాలు చేసి, రెండు ప్రయోగశాలలకు పంపాను. ఉదజని సూచిక (pH) రెండింటిలోనూ 8.3 అనే వచ్చింది. లభ్య భాస్వరం, అంటే మొక్కకు అందే భాస్వరం మాత్రం ఒకచోట హెక్టారుకు 6 కిలోలు, మరోచోట 32 కిలోలు అని ఉంది. దేనిని బట్టి ఎరువు వేయాలి?

జవాబు: మీరు జతచేసిన నివేదికల అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరాలను చూడండి. మట్టి నుంచి భాస్వరాన్ని ద్రావణంలోకి లాగి కొలిచే పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. మొదటిది వాటిలో బ్రే అనే పద్ధతిలో కొలిచి భాస్వరంగానే చూపిన అంకె. రెండవది ఓల్సెన్ అనే మరో పద్ధతిలో కొలిచి, ఎరువుల బస్తాలపై రాసే విధంగా ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌గా మార్చిన అంకె. 2.29 కిలోల పెంటాక్సైడ్‌లో ఉండే భాస్వరం ఒక కిలో కనుక, ఆ 32ను 2.29తో భాగిస్తే భాస్వరం సుమారు 14 కిలోలు అవుతుంది. కాబట్టి అసలు తేడా 6కూ 14కూ మధ్యనే.

మిగిలిన ఆ తేడాకు కారణం మీ నేలలోని సున్నం. అటువంటి మట్టిపై పలుచని ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బుసబుసమని పొంగుతుంది. బ్రే పద్ధతిలో వాడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం ఫ్లోరైడ్ కలిసిన ద్రావణం. సున్నపు నేలలో ఆ ఆమ్లం సున్నంతోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది, ఫ్లోరైడ్ కూడా కాల్షియంతో కలిసి అడుగుకు చేరుతుంది, అందువల్ల భాస్వరం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ పద్ధతి ఆమ్ల నేలలకు చక్కగా సరిపోతుంది, మీ నేలకు సరిపోదు.

ఓల్సెన్ పద్ధతిలో 2.5 గ్రాముల మట్టిని, ఉదజని సూచిక 8.5 ఉన్న 50 మిల్లీలీటర్ల సోడియం బైకార్బోనేట్ ద్రావణంలో అరగంట కుదుపుతారు. ఈ ద్రావణం కాల్షియంను కార్బొనేట్‌గా పక్కకు తప్పించి, దానికి అంటిపెట్టుకున్న భాస్వరాన్ని విడిపిస్తుంది. వడపోసిన ద్రావణానికి మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కనవుతుంది. ఆ చిక్కదనాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచి, ముందే తెలిసిన గాఢతల ద్రావణాలతో పోల్చి అంకె చెబుతారు. మట్టి రంగును తొలగించడానికి వాడే బొగ్గుపొడిలోనే భాస్వరం ఉంటే అంకె పెరిగిపోతుంది కనుక, మట్టి లేకుండా అవే రసాయనాలతో ఒక ఖాళీ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోనిచోట మిగతా శ్రమంతా వృథా అని నా నమ్మకం.

అందువల్ల మీరు రెండవ నివేదికనే తీసుకోండి. ఓల్సెన్ విలువల ఆధారంగా తయారైన సిఫారసు పట్టికతోనే దాన్ని పోల్చండి. ఆ పట్టిక భాస్వరంలో ఉంటే 14ను, పెంటాక్సైడ్‌లో ఉంటే 32ను చూడాలి. రెండు నివేదికల సగటు మాత్రం తీయవద్దు, ఆ సగటుకు అర్థం లేదు. వచ్చేసారి నమూనాను ఎరువుల ఖాళీ సంచిలో కాక శుభ్రమైన గుడ్డసంచిలో పంపుతూ, ఓల్సెన్ పద్ధతిలోనే పరీక్షించమని చీటీపై రాయండి.