హెడ్‌సెట్ పెట్టుకుంటే సర్జరీ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి జనరల్ సర్జరీ పీజీ మొదటి సంవత్సరం. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ప్రాక్టీస్ చేస్తున్నానంటోంది, చేతికి కండ తగిలినట్టే ఉంటుందట. ఇది వీడియో గేమ్ కాదా డాక్టర్ గారూ? రేపు పేషెంట్ ముందు చెయ్యి వణకదా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వణుకుతుందమ్మా. మొదటి కేసుకి నాకూ వణికింది. పక్కన సీనియర్ ఉండేది అందుకే.

గాల్‌బ్లాడర్ లాంటి కీహోల్ సర్జరీలో మొదట ఏడిపించేది దిక్కులు. పొట్ట మీది చిన్న రంధ్రంలోంచి పొడుగాటి పరికరం లోపలికి పోతుంది కాబట్టి మన చెయ్యి ఎడమకి జరిపితే లోపల కొన కుడికి పోతుంది, పైకెత్తితే కిందికి దిగుతుంది, చూసేదేమో టీవీలో! ఈ తికమక మేం పేషెంట్ల మీదే పోగొట్టుకున్నాం, మీ అమ్మాయికి ఆ పాపం లేదు. 2002లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. 16 మంది సర్జరీ ట్రైనీల్లో సగం మందికి సిమ్యులేటర్ (ఆపరేషన్‌ని తెర మీద అనుకరించే మెషీన్) మీద తర్ఫీదిచ్చి, తర్వాత అందరిచేతా నిజం గాల్‌బ్లాడర్ కేసులు చేయిస్తే, తర్ఫీదు పొందినవాళ్లు లివర్ నుంచి దాన్ని విడదీసే పని 29 శాతం త్వరగా చేశారు. మిగతావాళ్లు గాల్‌బ్లాడర్‌కి గాయం చేయడమో, తగలకూడని చోట కాల్చడమో 5 రెట్లు ఎక్కువ. తమాషా ఏంటంటే, ఆ మెషీన్లో స్పర్శ లేనే లేదు.

ఇక చేతికి తగలడం సంగతి. మంచి సిమ్యులేటర్లో పిడి వెనక మోటార్లుంటాయి, తెర మీద కొన కండకి తగలగానే అవి మన చేతిని వెనక్కి నెడతాయి. కంటికి బొమ్మ సెకనుకి 90 సార్లు మారితే చాలు గానీ చేతిని నమ్మించాలంటే ఆ బలాన్ని దాదాపు 1000 సార్లు లెక్కగట్టాలి, లేకపోతే ఎముక కూడా జీడిపాకంలా తగులుతుంది. కొన్నిట్లో పిడి ఫోన్‌లా గుర్రుమనడం తప్ప ఇంకేం ఉండదు, దాన్నీ స్పర్శ అనే అమ్ముతారు. మీ అమ్మాయి కాలేజీలో ఉన్నది ఏదో అడగండి.

వెన్నులో ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తు) సూది దింపడం లాంటివాటికి మాత్రం స్పర్శే ప్రాణం. గట్టి లిగమెంట్ దాటగానే సిరంజి పిస్టన్ ఉన్నట్టుండి వదులవుతుంది, అది వేలికి తెలియాల్సిందే.

ఖరీదైన మెషీన్ దొరకని రోజు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ డబ్బాకి రెండు బెజ్జాలు పెట్టి, లోపల ఫోన్ కెమెరా, లైటు అమర్చి, తోలుతో ఉన్న కోడి తొడకి కుట్లు వేయమనండి, దానంత నిజమైన స్పర్శ ఏ మోటారూ ఇవ్వదు. ఫ్రిజ్‌లో ఆ కవర్ కనిపిస్తే కూర వండేయకండి.