గైడ్ హెచ్-ఇండెక్స్ చూశారు సరే, అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది, పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. నొప్పి మీద పనిచేసే మాలిక్యులర్ న్యూరోసైన్స్ ల్యాబులు రెండింటిలో పీహెచ్‌డీకి పిలిచారు. మొదటి గైడ్ గారికి గూగుల్ స్కాలర్‌లో 14 వేల సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 52. రెండో మేడమ్ ల్యాబు పెట్టి నాలుగేళ్లే, సైటేషన్లు 600 కూడా లేవు, హెచ్-ఇండెక్స్ 11. మా అమ్మాయి రెండోదే కావాలంటోంది. అమెరికాలో ఉన్న మా బావమరిది ఇవన్నీ ఎందుకు, న్యూరో-ఏఐలో ఎమ్మెస్ చేయించమంటున్నాడు. రెండు ల్యాబుల్నీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. (గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక తండ్రి)

జవాబు: అయ్యా, ఇలాంటి ప్రశ్న నాకు ప్రతి అడ్మిషన్ల సీజన్‌లోనూ వస్తుంది. ఊరు మారుతుంది, సబ్జెక్టు మారుతుంది, అడిగేది మాత్రం ఒకటే. మీ భయం హెచ్-ఇండెక్స్ గురించి కాదని నాకు తెలుసు. ఐదారేళ్లు ఎలుకలతో, సూక్ష్మదర్శినితో గడిపాక పిల్ల చేతికి ఏమీ రాకపోతే ఏం చేయాలి, అప్పటికి తనకి ముప్ఫై దగ్గర పడుతుంది, ఈలోగా చుట్టాలు అడిగేదానికి ఏం చెప్పాలి, ఇదీ మీ టెన్షన్. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ టెన్షన్‌ని తీసుకెళ్లి రెండు అంకెల మీద పెట్టారు, ఆ అంకెలు దాన్ని మోయలేవు.

సైటేషన్ అంటే ఒకరి పేపర్‌ని మరొకరు తమ పేపర్‌లో ప్రస్తావించడం, అంతే. ఎందుకు ప్రస్తావించారో ఆ లెక్కలో ఉండదు. మీ అమ్మాయిని లోరీ మెథడ్ గురించి అడగండి, బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లూ ప్రాక్టికల్స్‌లో చేసేదే, నీలం రంగు వస్తే ప్రోటీన్ ఎంతుందో కొలుస్తారు. ఆ పద్ధతి రాసిన ఆలివర్ లోరీ నిజానికి మెదడు రసాయనాల మీద పనిచేసినవాడు, ఒక్కో నాడీకణంలో ఎంజైమ్ ఎంతుందో కొలిచే స్థాయికి వెళ్లినవాడు. ఆయన 1951లో ప్రోటీన్ కొలత మీద రాసిన పేపర్‌కి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి, సైన్సు మొత్తంలో అంతకంటే ఎక్కువ ఉదహరించిన పేపర్ లేదని 2014లో నేచర్ పత్రిక లెక్కతీసి చెప్పింది. మెదడు మీద ఆయన ఏళ్ల తరబడి చేసిన అసలు పనికి వచ్చిన సైటేషన్లు దాని దరిదాపుల్లో కూడా లేవు. అందరికీ రోజూ అవసరమయ్యే పద్ధతి కాబట్టి అందరూ ఆ పేపర్ పేరు రాశారు, అదీ సంగతి.

రెండోవైపు కూడా చూడండి. 2006లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి నేచర్‌లోనే అల్జీమర్స్ మీద ఒక పేపర్ వచ్చింది. ఫలానా అమిలాయిడ్ ప్రోటీన్ ముద్ద వల్ల జ్ఞాపకశక్తి పోతోందన్నారు. ఆ పేపర్‌ని 2 వేల సార్లకు పైగా ఉదహరించారు. 2022లో అందులోని బొమ్మలు మార్చినట్టున్నాయన్న అనుమానాలు బయటికొచ్చాయి, 2024లో పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. పేపర్ పోయింది గానీ దాన్ని నమ్మి రాసిన ఆ వేల పేపర్లు అలాగే ఉన్నాయి.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత ఇది. 52 అంటే కనీసం 52 సార్లు చొప్పున ఉదహరించిన పేపర్లు 52 ఉన్నాయని అర్థం. ఇది పెరుగుతుందే గానీ తగ్గదు, మనిషి ల్యాబు మూసేసి ఇంట్లో కూర్చున్నా పెరుగుతుంది. ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ వ్యాసాలు ఎక్కువ రాసినా, వందల మంది పేర్లుండే పెద్ద జన్యు అధ్యయనాల్లో ఒక పేరుగా ఉన్నా పెరుగుతుంది. పాతికేళ్ల అనుభవమున్న సీనియర్‌ని, నాలుగేళ్ల కిందట ల్యాబు తెరిచిన మనిషిని పక్కపక్కన పెట్టి 52 పెద్దదా 11 పెద్దదా అని నన్ను అడిగారు. మీరు యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క చూసి సరుక్కి ధర కడతారా, టిక్కీ విప్పి రంగూ తేమా చూసి కడతారా?

విప్పి చూడడం ఇక్కడ పెద్ద కష్టం కూడా కాదు. ఇద్దరివీ గత ఐదేళ్ల పేపర్లు తీయమనండి. ఈ రంగంలో మామూలుగా మొదటి పేరు ప్రయోగాలు చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబు నడిపేవాళ్లది. మొదటి పేర్లు పీహెచ్‌డీ పిల్లలవా, పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో పనిచేసే పోస్ట్‌డాక్‌లవా? ఆ పిల్లలు ఎన్నేళ్లకి బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్లు ఎంతమంది? మీ అమ్మాయి బతుకుని తేల్చేవి ఇవి, గూగుల్ స్కాలర్‌లో ఇవి కనిపించవు. ల్యాబు పిల్లలకి ఒక మెయిల్ పెడితే చాలామంది చెబుతారు, మెయిల్‌లో రాయనిది ఫోన్‌లో చెబుతారు.

పేపర్లు తక్కువ రావడం గురించి ఒక మాట. జన్యువు మార్చిన ఎలుకల్ని తయారుచేసి, తరాలు పెంచి, వాటి నొప్పి స్పందన కొలిచి, కణాల్లో చూసి రుజువు చేసేసరికి ఏళ్లు పడతాయి. ఐదేళ్ల పీహెచ్‌డీలో ఒక్క గట్టి పేపర్ రావడం ఇక్కడ సోమరితనం కాదు. థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనని యూజీసీ 2022లోనే తీసేసింది, సంస్థలు సొంతంగా పెట్టుకున్నవి వేరే. కాబట్టి డబ్బు కడితే స్కోపస్ (పరిశోధన పత్రికల జాబితా) లెక్కలోకి వచ్చే పేపర్ వేయిస్తాం, ఆథర్‌గా పేరు పెడతాం అని టెలిగ్రామ్‌లో ఎవరైనా అంటే ఆ నంబర్ బ్లాక్ చేయండి. 2023లో హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నల్స్ నుంచే 8 వేలకు పైగా పేపర్లు రద్దయ్యాయి, అందులో ఇలాంటి దుకాణాల సరుకు బోలెడు.

మీ బావమరిది గారి సలహా దగ్గరికి వద్దాం, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. మెదడు పరిశోధనకి కంప్యూటింగ్ అవసరం లేదని నేననను, ఒక్కో కణంలో ఏ జన్యువు పనిచేస్తోందో వచ్చే డేటా చూస్తే కోడింగ్ రానివాళ్లు బిక్కమొహం వేయాల్సిందే. మీ అమ్మాయి పీహెచ్‌డీలో పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలి, అది వేరే మాట. కానీ మెదడు, ఏఐ అనే రెండు ముద్దొచ్చే మాటల్ని కలిపి బ్రోషర్ వేసిన కోర్సులో గణితం ఇంటర్‌తోనో అంతకుముందో వదిలేసిన బయోకెమిస్ట్రీ పిల్లని చేర్చి, లక్షలు అప్పు చేసి, రెండేళ్ల తర్వాత కంప్యూటర్ సైన్స్ పిల్లలతో అవే ఉద్యోగాలకి పోటీ పడమంటే ఎలా? అటు అల్గారిథమ్ లోతుగా రాదు, ఇటు ల్యాబు పని చేతికి రాదు. కొన్ని మంచి కోర్సులు ఉండవచ్చు, నాకు మాత్రం ఈ ఫ్యాషన్ మీద నమ్మకం కుదరడం లేదు. ఎవరైనా ఇలాంటి కోర్సు గురించి చెబితే నేను అడిగేది ఒకటే, కిందటి బ్యాచ్ వాళ్లు ఏం చేస్తున్నారు? చాలాసార్లు దానికి జవాబు రాదు.

ఇంకొకటి, అమెరికా వెళ్లాలన్నా ఎమ్మెస్ మీదుగానే వెళ్లాలని ఎవరన్నారు? అక్కడ న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు వాళ్లే భరించి స్టైపెండ్ ఇస్తారు, సొంత డబ్బు పోసేది ఎక్కువగా ఎమ్మెస్‌కే. 2025లో అక్కడి వైద్య పరిశోధనకి ప్రభుత్వ డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ నిధులకు కత్తెర పడి కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్న మాటా నిజమే. ఇక్కడ చేతిలో జేఆర్ఎఫ్ ఉంది, నెలకి 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, ఇంటద్దె అలవెన్సు అదనం. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, అది అందరూ పడే బాధే, ఆ నెలలకి మీరు సాయం చేయండి. ఎమ్మెస్ అప్పుతో పోలిస్తే అది ఎంత?

మీ అమ్మాయి ఎంచుకున్న రంగానికీ మీ వ్యాపారానికీ సంబంధం ఉందని తనెప్పుడైనా చెప్పిందా? మిరపకాయ తింటే నోరు మండేది ఎందుకో 1997లో డేవిడ్ జూలియస్ ల్యాబు తేల్చింది. నొప్పిని మోసే నాడీకణాల జన్యువుల్ని తీసి, కారానికి స్పందించని కణాల్లో గుంపులు గుంపులుగా పెట్టి, మిరపకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ వేసినప్పుడు ఏ కణం స్పందిస్తుందో వెతికారు. అలా దొరికిన గ్రాహకం, అంటే కారాన్ని పసిగట్టే ప్రోటీన్, టీఆర్‌పీవీ1, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా అదే తెరుచుకుంటుంది. ఆ పేపర్‌లో మొదటి పేరు అప్పటి పోస్ట్‌డాక్ మైఖేల్ కాటెరీనాది. జూలియస్‌కి నోబెల్ వచ్చింది 2021లో. ఆ గ్రాహకాన్ని ఆపే మందులు చేయబోతే కొన్నిటితో రోగులకి ఒంటి వేడి పెరిగింది, ఆ దారి అక్కడ చిక్కుపడింది. మరో దారిలో, నొప్పి సంకేతాన్ని మోసే ఎన్‌ఏవీ 1.8 అనే సోడియం చానెల్‌ని ఆపే సుజెట్రిజిన్ అనే మందుకి 2025 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది, అది ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి, అలవాటు పడే ప్రమాదమున్న రకం) కాని నొప్పి మందు. అంటే చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. ఈ పని నేర్చినవాళ్లు ప్రొఫెసర్లే కానక్కర్లేదు, హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో, బెంగళూరులో మందుల పరిశోధన కంపెనీలకి కణాల మీద పరీక్షలు నడపగలిగే మనుషులు కావాలి. పీహెచ్‌డీ అయినవాళ్లు రోడ్డున పడతారన్న భయం మానుకోండి.

ఆడపిల్లకి ఇన్నేళ్ల చదువా అని మీరు నేరుగా రాయలేదు, రాసినట్టే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ మైసూరులో పీహెచ్‌డీ చేసి, బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక, నాడీ వైద్య సంస్థలో మెదడు మందుల్ని ఎలా విరగ్గొడుతుందో పరిశోధించి, మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్ అయ్యారు. అందరూ అంతవాళ్లవుతారని కాదు, ఆ దారి మనవాళ్లకి కొత్త కాదని.

సరే, పోలిక అడిగారు. పెద్ద ల్యాబులో పరికరాలుంటాయి, నిధులుంటాయి, ఆయన సిఫారసు లేఖకి విదేశాల్లో విలువుంటుంది, కానీ ఆయన నెలకోసారైనా కనిపిస్తారా అన్నది చూడాలి. కొత్త ల్యాబులో గైడే పక్కన నిలబడి నేర్పే అవకాశం ఎక్కువ, కానీ గ్రాంటు ఎప్పుడు అయిపోతుంది, ఎలుకల కాలనీ సిద్ధంగా ఉందా అన్నవి తేల్చుకోవాలి. నన్నడిగితే నా మొగ్గు రెండోదానికే, కారణం ఆ 11 కాదు, అమ్మాయి దాన్నే కోరుకోవడం. ఎందుకు కోరుకుందో మీ రెండు పేజీల ఉత్తరంలో ఒక్క వాక్యం లేదండీ! సైటేషన్ల స్క్రీన్‌షాట్లు ఆరు పంపారు, బావమరిది అభిప్రాయం పేరా నిండా రాశారు, ఆ ల్యాబులో కూర్చోబోయే పిల్ల ఏమందో రాయలేదు. ముందు అది అడగండి, అడ్డు తగలకుండా వినండి.

గ్రాంటు గురించీ ఎలుకల కాలనీ గురించీ ఆ మేడమ్‌కి ఫోన్ చేయాల్సింది కూడా మీ అమ్మాయే, మీరు కాదు. తండ్రులు ఫోన్ చేస్తే గైడ్‌లు మర్యాదగా మాట్లాడి పెట్టేస్తారు. జాయినింగ్ గడువుకి వారం ముందే అడిగేయమనండి, గ్రాంటు ఏడాదిలో అయిపోతుందని తేలితే అప్పుడు మొదటి ల్యాబు సీటు ఇంకా చేతిలో ఉంటుంది.