చారులో ‘చ’, చారుమతిలో ‘చ’

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. డాలస్‌లో ఉన్న మనవరాలి కోసం మా అమ్మ చెప్పిన కథలు రాసి, వాయిస్ క్లోనింగ్ యాప్‌తో చదివిస్తున్నాను. కాసేపు చదివి రికార్డు చేసి ఇస్తే అచ్చం నా గొంతే వచ్చింది. కానీ “అమ్మమ్మ చాప వేసి కూర్చోబెట్టి, అన్నంలో చారు పోసింది” అన్నచోట చాప, చారు నేను పలికినట్టు లేవు. ఆ చారు ‘చారుమతి’లో చారులా వినిపించింది. తెలుగు రాసినట్టే చదివే భాష కదా, మరి తప్పు ఎక్కడుంది? వాయిస్ క్లోనింగ్‌ని తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. మీ రాతలో తప్పేమీ లేదు. ‘చ’ అనే ఒక్క అక్షరంతో తెలుగులో రెండు ధ్వనులు రాస్తున్నాం, చిక్కంతా అక్కడే ఉంది.

ఒకసారి ‘చేప’ అని చూడండి. నాలుక లేచి అంగిటికి తగులుతుంది. ఇప్పుడు ‘చాప’ అనండి. నాలుక కొస ముందుకు జరిగి పైపళ్ల వెనక్కి చేరుతుంది, ‘త్స’కు దగ్గరగా వినిపిస్తుంది. మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. ‘జ’ కూడా అంతే. జిడ్డులో ఒకటి, జడలో ఇంకొకటి.

దీనికి సూత్రం ఉంది. అచ్చ తెలుగు మాటల్లో చ, జల తర్వాత ఇ, ఈ, ఎ, ఏ వస్తే తాలవ్యం. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ వస్తే దంత్యం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ సంగతి చెప్పాడు. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటల్లో మాత్రం ఏ అచ్చు వచ్చినా తాలవ్యమే. అందుకే ఆకాశంలో ఉన్నది ఒక్కడే అయినా చంద్రుడిలో ఒక ‘చ’, చందమామలో ఇంకో ‘చ’. మీ చారు తెలుగు మాట, చారుమతిలో చారు సంస్కృతం. రాతలో ఆ తేడా ఎక్కడా కనిపించదు. మీరైనా సూత్రం చదివి నేర్చుకోలేదు కదా! చారు పోస్తూ మీ అమ్మగారు అన్న మాట వినీ వినీ మీ నాలుకకు అలవాటైంది.

ఆ యాప్‌కి ఆ వినికిడి లేదు. స్థూలంగా చెప్పాలంటే అది చేసేవి రెండు పనులు. అక్షరాలను ధ్వనులుగా మార్చడం ఒకటి, ఆ ధ్వనులకు ఒక గొంతు తొడగడం రెండోది. మీరిచ్చిన రికార్డింగు ఎక్కువగా రెండో పనికే ఉపయోగపడుతుంది. మొదటి పని అది ముందే వేరేవాళ్ల చదువు విని నేర్చుకుని ఉంటుంది. కాబట్టి గొంతు మీది, ఉచ్చారణ ఇంకొకరిది.

సూత్రాన్ని గుడ్డిగా ఎక్కించినా పని జరగదు. ‘వచ్చాడు’ తీసుకోండి. ‘చ’ తర్వాత ‘ఆ’ ఉంది, మాట తెలుగే. అయినా మనం దంత్యంగా పలకం. అది ‘వచ్చినాడు’ నుంచి వచ్చింది, పోయిన ఇకారం తాలవ్యాన్ని అక్కడే వదిలి వెళ్లింది. పైగా అందులో పలికేది అసలైన ‘ఆ’ కూడా కాదు, ‘బ్యాంకు’లో వినిపించే అచ్చు. దానికి మన వర్ణమాలలో గుర్తే లేదు. రాసినట్టే చదువుతాం అన్న మాట చాలావరకు నిజమే కానీ, పూర్తి నిజం కాదు.

దంత్యాలకు ప్రత్యేకంగా ౘ, ౙ అనే అక్షరాలున్నాయి. పాత నిఘంటువులు చూసినవాళ్లకు తెలుసు. కంప్యూటర్లో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, 2008లో వచ్చిన 5.1 కూర్పులో వీటికి చోటు దొరికింది. ‘ౘారు’ అని రాసి చూడండి. కాకపోతే మామూలు రాతలో ఇవి దాదాపు కనిపించవు కాబట్టి మీ యాప్ వాటిని గుర్తుపట్టకపోవచ్చు, మింగేయవచ్చు కూడా. అప్పుడు ‘త్సారు’, ‘త్సాప’ అని ఇవ్వండి. ఇది చదివించడానికి పెట్టుకున్న కాపీలోనే సుమా! మనవరాలికి పంపే కాగితంలో ‘చారు’ అనే ఉండాలి. ‘జ’కి ఇంత సులువైన అతుకు కుదరదు. జడ, జాలి, జల్లు లాంటి మాటలున్న వాక్యాలు మీరే చదివి ఆ ముక్క కలపడం మంచిది. ఈ కాలం పిల్లలు చాపనీ చేపనీ ఒకే ‘చ’తో పలికినా అర్థం మారదు. కానీ మీరు పంపుతున్నది మీ అమ్మగారి కథ, మీ గొంతుతో. అందులో ఆ ‘చ’ ఉండాలనే నా పట్టు.

ఇక పేరు. ‘ధ్వన్యనుకరణ’ అనవచ్చా అంటే, ఆ మాట వింటే మనకు వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గుర్తొస్తారు. అది మనిషి తన గొంతుతో సాధించే విద్య, దాన్ని దానికే వదిలేద్దాం. దస్తావేజు నకలు అంటాం కదా, అలాగే ‘గొంతు నకలు’ అంటే అందరికీ అర్థమవుతుంది. గొంతు అన్న మాటలో కంఠమూ ఉంది, స్వరమూ ఉంది. వాయిస్ క్లోనింగ్ అని వాడినా తప్పు పట్టను. రాసినదాన్ని చదివి వినిపించే పనికి ‘వాచకం’ బాగుంటుంది. నాటకాల వాళ్లు “ఆయన వాచకం బాగుంది” అంటారు కదా, ఆ అర్థంలో. ‘చదివింపు’ మాత్రం వద్దు, పెళ్లి కానుకలు గుర్తొస్తాయి.

కథల్లో అంకెలుంటే వాటినీ ఒకసారి చూసుకోండి. ‘4గురు కొడుకులు’ అని రాస్తే అది ‘నాలుగు గురు’ అని చదివేయగలదు. ‘నలుగురు’ అని అక్షరాల్లోనే రాయండి.