బొమ్మలు వేస్తానంటున్న అమ్మాయి, నిద్ర పట్టని నాన్న

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా రెండేళ్లుగా చెట్లు, నీళ్లు, ఆకాశం బొమ్మలు వేస్తోంది. ఇంప్రెషనిస్టు పద్ధతి అంటుంది, అంటే ఆ క్షణం వెలుతురు కంటికి ఎలా కనపడితే అలా వేయడమట. తెల్లవారకముందే లేచి చెరువు గట్టు మీద కూర్చుంటుంది. ఒకే చోటును మళ్లీ మళ్లీ వేస్తుంది, ప్రతి బొమ్మ వెనకా టైమ్ రాస్తుంది. ఇప్పుడు డిగ్రీ మానేసి ఇదే చేస్తానంటోంది. హాబీగా పెట్టుకోమంటే వినడం లేదు. ఫైన్ ఆర్ట్స్‌లో చేర్పించాలా, సొంతంగా నేర్చుకున్నది చాలా, లేక జీతం వచ్చే డిజిటల్ ఆర్ట్ కోర్సు మేలా? మూడూ పోల్చి చెప్పండి. మూడు బొమ్మల ఫొటోలు, వేసిన వరసలోనే పంపుతున్నాను.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరి అబ్బాయి పాట అంటాడు, ఇంకొకరి అమ్మాయి ఫొటోగ్రఫీ అంటుంది. ఏ కోర్సు మంచిదని అడుగుతారు గానీ, లోపల నలిగేది వేరే మాట: ‘రేపు నేను లేనప్పుడు ఈ పిల్ల ఎలా బతుకుతుంది?’ అందుకే కోర్సుల సంగతి కాసేపు పక్కన పెడదాం.

మీరు పంపిన ఫొటోలను పెద్దవి చేసుకుని చూశాను. మొదటిదాంట్లో దూరపు చెట్లకూ కాళ్ల దగ్గరి గడ్డికీ ఒకటే ఆకుపచ్చ. నీడలన్నిటికీ నలుపు కలిపింది. సూర్యుడు కొండ వెనక ఉన్నాడు, చెట్టు మొదలు మాత్రం ముందు నుంచి వెలుగుతోంది. ఏదో వీడియో చూసి వేసి ఉంటుంది. రెండోదానికి వచ్చేసరికి నలుపు పోయింది, నీడల్లోకి నీలం, ఊదా వచ్చాయి. మూడోదాంట్లో అవతలి గట్టు చెట్లకు అంచుల్లేవు. పచ్చదనం తగ్గి నీలంగా, బూడిదగా పొగమంచులోకి జారిపోయాయి. నీళ్లలో కనిపించే చెట్టు గట్టు మీది చెట్టుకన్నా ఒక పిసరు లేతగా ఉంది. ముదురు రంగు వస్తువు నీళ్లలో కాస్త లేతగానే కనపడుతుంది. చూసి చూసి పట్టుకుంటే తప్ప అది చేతికి రాదు.

బొమ్మ వెనక టైమ్ రాస్తుందని మీరు ఫిర్యాదుగా రాశారు. ఆ మూడో బొమ్మ వెనక 6:10 నుంచి 6:45 అని ఉందట. పొద్దుటి వెలుతురు అంతకు మించి ఒకేలా నిలవదు. నీడలు జరిగిపోతాయి, నీళ్ల రంగు మారిపోతుంది. అది తెలిసినవాళ్లే అక్కడితో కుంచె ఆపి, మర్నాడు అదే వేళకు మళ్లీ వెళ్తారు. ఫ్రాన్స్‌కు చెందిన ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాములనే పాతిక దాకా బొమ్మలు వేశాడు. వెలుతురు మారగానే ఒక కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. మీ అమ్మాయి ఒకే చోటును మళ్లీ మళ్లీ వేయడం మొండితనం కాదండీ, అది ఆమె చదువు.

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఎన్నింటికి లేస్తుందో ఉంది, మీ మాట వినడం లేదని ఉంది. ఆ మూడు బొమ్మల్లో మీకు ఏది నచ్చిందో ఒక్క ముక్క కూడా లేదు. రెండేళ్లుగా చీకటితో లేస్తున్న పిల్లను ‘హాబీగా పెట్టుకో’ అంటే, ‘నువ్వు చేసేది అసలు పనే కాదు’ అన్నట్టే వినపడుతుంది. చదువు మానేస్తానన్నది చదువు మీద కోపంతో కాకపోవచ్చు. తన మాట మీరు సీరియస్‌గా తీసుకోవడానికి అంతకన్నా దారి కనపడక అనుంటుంది. నా దగ్గరికి వచ్చిన చాలామంది పిల్లల్లో ఇదే చూశాను. ఇంట్లో ఒకరు కూర్చుని వాళ్ల పని చూస్తే, ఆ పట్టుదల సగం సడలిపోతుంది.

సొంతంగా నేర్చుకున్నది చాలుతుందా అన్నారు. సొంతంగా అంటే ఒంటరిగా అని మీరిద్దరూ అనుకుంటున్నట్టున్నారు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1880లో, 27 ఏళ్లప్పుడు, చిత్రకారుడు కావాలని తేల్చుకున్నాడు. చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. కానీ డ్రాయింగ్ అభ్యాసాల పుస్తకం ముందు పెట్టుకుని బొమ్మ తర్వాత బొమ్మ నకలు తీశాడు, చుట్టరికం ఉన్న ఒక చిత్రకారుడి దగ్గర కొంతకాలం పాఠాలు చెప్పించుకున్నాడు, పారిస్‌లో కొన్ని నెలలు ఒక స్టూడియోకు వెళ్లాడు. కుర్రాడు మోనేను ఆరుబయటికి తీసుకెళ్లి ఆకాశాన్ని చూసి వేయడం అలవాటు చేసింది బూదాఁ అనే పెద్దాయన. పారిస్‌లో అకాడెమీ స్విస్ అని ఒక చోటు ఉండేది. అక్కడ పాఠం చెప్పేవాళ్లు లేరు, పరీక్ష లేదు. కాస్త రుసుము కడితే మోడల్‌ను చూసి బొమ్మ వేసుకోవచ్చు. మోనే, ఆయన తోటి చిత్రకారులు పిస్సారో, సెజాన్ అక్కడికి వెళ్లినవాళ్లే. గురువు లేకపోయినా పక్కవాడి బొమ్మ కనపడుతుంది, మన తప్పు చెప్పే మనిషి దొరుకుతాడు. మీ అమ్మాయికి ఇప్పుడు లేనిది అదే. డిగ్రీ ఉందా లేదా అన్నదానికన్నా నాకు ఇదే పెద్ద లోటుగా కనిపిస్తోంది. నెలకోసారైనా తన బొమ్మలను మొహమాటం లేకుండా విమర్శించే చిత్రకారులు ఒకరిద్దరు ఆమెకు కావాలి.

రంగుల జ్ఞానం కూడా అలాంటివాళ్ల దగ్గరే దొరుకుతుంది. వాన్ గో 1888లో వేసిన తన పడకగది బొమ్మలో గోడలు మొదట ఊదారంగులో ఉండేవి. అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. ఏ రంగు ఎండకు నిలుస్తుంది, ఏది వెలిసిపోతుంది అన్నది బొమ్మ అమ్ముకోవాలనుకునేవాళ్లకు తెలిసి తీరాలి.

ఇప్పుడు డిజిటల్ ఆర్ట్ గురించి. ఈ మధ్య బొమ్మలు వేసే పిల్లలందరినీ తల్లిదండ్రులు అటే తోస్తున్నారు. నాకు ఇందులో చాలా అనుమానాలున్నాయి. అది చిన్న పని అని కాదు. పాత్రలు, కదలిక, టీమ్‌తో కలిసి ఇంకొకరి ఊహకు రూపం ఇవ్వడం ఇష్టమైనవాళ్లకు అది మంచి దారి. మీ అమ్మాయి ఇష్టపడుతున్నది వేరు. చెరువు గట్టు నుంచి లేపి స్క్రీన్ ముందు కూర్చోబెడితే ఏడాదిలో రెండూ మానేస్తుందేమోనని నా భయం. పైగా మీరు అనుకుంటున్నట్టు కోర్సు చేసినంత మాత్రాన జీతం రాదు. ఏఐ ఇవాళ క్షణాల్లో బొమ్మలు తీస్తోంది. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న పనులే ముందు దానికి పోతాయని నేను ఆందోళన పడుతున్నాను. నాలుగేళ్ల తర్వాత పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పి నమ్మించేవాళ్ల మాట నేనైతే నమ్మను.

ఇంకో ఫ్యాషన్ రీల్స్. బొమ్మ వేస్తూ వీడియో తీసి, ఫాలోవర్లను పెంచుకుని, దాంతో బతకడం. మీరు రాయలేదు గానీ మీ అమ్మాయి మనసులో ఇది ఉండే ఉంటుంది. తను వేసింది నలుగురికీ చూపించడం మంచిదే. కాకపోతే ఆ లెక్క వేరు. ఒక సూర్యాస్తమయానికి లైకులు బాగా వస్తే పదో బొమ్మ కూడా అదే సూర్యాస్తమయం అవుతుంది. చెయ్యి ఒక ట్రిక్కుకు అలవాటు పడుతుంది, కన్ను చూడటం మానేస్తుంది. రెండేళ్ల ఫాలోయింగ్ చూపించి, ‘కొత్తగా వేయబుద్ధి కావడం లేదు’ అని నా ముందు ఏడ్చిన పిల్లలున్నారు. నేర్చుకునే వయసులో వారానికి ఒక్క పోస్టు చాలు.

ఏఐ వల్ల చిత్రకళే పోతుందన్న టెన్షన్ మాత్రం వద్దు. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది. చిన్న సైజు ముఖచిత్రాలు వేసి బతికే చాలామందికి ఆ తర్వాత పని పోయింది, అది నిజం. కానీ 35 ఏళ్ల తర్వాత, 1874లో, ఇంప్రెషనిస్టులు తమ మొదటి ప్రదర్శన పెట్టింది నదార్ అనే ఫొటోగ్రాఫర్ పాత స్టూడియోలోనే. ఉన్నది ఉన్నట్టు చూపించే పని కెమెరాకు వెళ్లింది. ఆ ఉదయం, ఆ మనిషి కంటికి ఎలా కనపడిందో చెప్పే పని కుంచెకు మిగిలింది.

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మనిషి బొమ్మ గీయడం గట్టిపడుతుంది, తోటివాళ్లు దొరుకుతారు, తర్వాత కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే ఆ పట్టా అవసరం. సొంత దారిలో టైమ్ మిగులుతుంది, విమర్శ దొరకదు. కొనేవాళ్లు పట్టా చూసి కొనరు.

మరి బతుకుతెరువు? ఇందులో మీ భయం అబద్ధం కాదు. సిస్లీ అనే ఇంప్రెషనిస్టు జీవితమంతా దాదాపు ప్రకృతి దృశ్యాలే వేసి 1899లో పేదరికంలోనే పోయాడు. ఈనాటికీ గ్యాలరీలు చాలాచోట్ల అమ్మిన ధరలో సగం దాకా కమిషన్ తీసుకుంటాయి. ఒక నెల రెండు బొమ్మలు పోతాయి, తర్వాత ఆరు నెలలు ఒక్కటీ పోదు. అందుకే డిగ్రీ మానవద్దని మీ అమ్మాయికి చెప్పండి, నా మాటగా చెప్పండి. గియోమాఁ అనే ఇంప్రెషనిస్టు చాలా ఏళ్లు ఉద్యోగం చేసుకుంటూనే తీరిక వేళల్లో ప్రకృతి దృశ్యాలు వేశాడు. 1891లో, 50 ఏళ్లప్పుడు, లాటరీలో లక్ష ఫ్రాంకులు తగిలాకే ఉద్యోగం మానాడు. అయినా 1874 నాటి ఆ మొదటి ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. డిగ్రీ ఉంటే, లేదా పిల్లలకు డ్రాయింగ్ చెప్పే పనో, ఒంటిపూట ఉద్యోగమో ఉంటే, ఇంటి అద్దె కోసం బొమ్మను ఆదరాబాదరాగా ముగించే అవసరం రాదు. ఉన్న ఏడాదిన్నర చదువు పూర్తి చేయనివ్వండి. బదులుగా ఆ పొద్దుటి గంట ఆమెది అని మీరు మాటివ్వండి. పరీక్షల వారంలో కూడా.

ఇంకొక్క పని మీకు. ఈ ఆదివారం ఆమెతో పాటు గట్టు మీదికి వెళ్లండి. చీకట్లో ఒంటరిగా పోతోందన్న మీ భయం కూడా తీరుతుంది. సలహాలివ్వకుండా ముప్ఫై అయిదు నిమిషాలు పక్కన కూర్చోండి. కళ్లు చికిలించి నీళ్లను చూడండి, ఎక్కడ నీలం, ఎక్కడ ఊదా కనపడుతున్నాయో ఆమెనే అడగండి. ఆరు నెలల తర్వాత ఇంకో మూడు ఫొటోలు పంపండి. అప్పుడు మాత్రం ఏ బొమ్మ ఎందుకు నచ్చిందో మీరే రాయాలి.