అమ్మాయికి రోడ్ల చదువా?

కోనసీమలోని అంబాజీపేట నుంచి కొబ్బరి రైతైన ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటే రోడ్లు, వంతెనల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఆడపిల్ల ఎండలో తారు పక్కన నిలబడాలా? ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉందండి."

అయ్యా, మీ తోటకు వెళ్లే రోడ్డునే తీసుకుందాం. వేసిన రెండో వానాకాలానికే అంచు చీలి కాలవ వైపు జారడం మీరు చూసే ఉంటారు. కాంట్రాక్టరును తిడతాం, కొన్నిచోట్ల తప్పు అతనిదే. కానీ మన దగ్గర అసలు చిక్కు అడుగున ఉంది. డెల్టా బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పక్క చేలల్లో నెలల తరబడి నీరు నిలిచి ఉంటుంది. ఆ నేల మీదే ధాన్యం లారీలు, చేపల లారీలు పోవాలి. అందుకే మట్టిని నాలుగు రోజులు నానబెట్టి, ఎంత బరువు ఓర్చుకుంటుందో సీబీఆర్ పరీక్షలో చూస్తారు. బలం తక్కువని తేలితే రోడ్డు మందం పెంచాలి, లేదా మట్టిలో సున్నం కలిపి గట్టిపరచాలి. ఏ మట్టికి ఎంత సున్నం, అది ఎన్ని వానలకు ఆగుతుంది? మీ అమ్మాయి చదువుతానంటున్నది ఇదే.

కొబ్బరి రైతుగా మీకు నచ్చే సంగతి ఒకటుంది. కొబ్బరి పీచుతో నేసిన జియోటెక్స్‌టైల్‌ను, అంటే మట్టిని పట్టి ఉంచే వలలాంటి పట్టాను, పల్లె రోడ్ల అడుగున పరిచే పద్ధతిని 2020లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (పీఎంజీఎస్‌వై) మూడో దశలోకి తెచ్చింది. మన రాష్ట్రానికి 164 కిలోమీటర్లు అనుకున్నారు. మీరు వలిచి పక్కన పోసే డొక్కల్లోనే రోడ్డుకు పనికొచ్చే సరుకు ఉందన్నమాట.

ఎండ సంగతి దాచను. నమూనా తీయాలంటే గట్టు దిగాల్సిందే. మిగతా కాలమంతా ల్యాబ్, కంప్యూటర్. ఆడపిల్లలు ఈ పని చక్కగా చేస్తున్నారు, ఆ భయం వదిలేయండి.

ఎం.టెక్. ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. వరంగల్ నిట్‌లోనో, ఐఐటీల్లోనో ట్రాన్స్‌పోర్టేషన్ (రోడ్లు, రవాణా)లో ఎం.టెక్. చేరితే, గేట్ మీద నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. మట్టి మీదే మనసుంటే, నేల, పునాదుల గురించి చెప్పే జియోటెక్నికల్ ఇంకా మంచిది. ఆ తర్వాత పీహెచ్‌డీకి ఢిల్లీలో 1952 నుంచి రోడ్ల మీదే పనిచేస్తున్న కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్ఆర్ఐ) ఉంది. రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)లో అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి గానీ ఏటా రావు, వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. హైవే డిజైన్, రోడ్ సేఫ్టీ ఆడిట్ చేసే కన్సల్టెన్సీలూ తీసుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి కన్నా మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు. అది తెలిసే దిగాలి.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు, రోడ్డు చీలిన చోట మీ చేను వైపు నుంచి ఒక బస్తా మట్టి తవ్వించండి. కాస్త పీచు కూడా కట్టి ఆమెతో కాకినాడ పంపండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాంతోనే మొదలుపెట్టుకోవచ్చు.