ట్రేడింగ్‌లోకి దిగుతున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

ఉద్యోగం మానేసి పూర్తిగా ట్రేడింగే చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దనడానికి రాయడం లేదు. చేసేటట్టయితే ఎలా చేయాలో నాకు తెలిసింది చెబుతాను, తీరిగ్గా చదువు.

2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్, అంటే షేరు ధర ముందు ముందు ఎటు పోతుందన్న దాని మీద చేసుకునే ఒప్పందాలు, ఆడిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల పైమాటే. భీమవరం టీ కొట్ల దగ్గర నీకు వినపడేది మిగతా ఏడుగురి మాటలే, పోగొట్టుకున్నవాడు ఇంట్లోవాళ్ళకే చెప్పడు, నీకేం చెబుతాడు! అందుకని మొదటి ఏడాది ఆప్షన్స్ జోలికి పోకు. షేర్లు కొని అమ్ము, చాలు.

ఏది కొనాలి అని అందరూ అడుగుతారు, ఎన్ని కొనాలి అని ఎవరూ అడగరు. నీ దగ్గర 3 లక్షలు ఉన్నాయనుకో. ఒక ట్రేడ్‌లో పోతే 1 శాతమే పోవాలి, అంటే 3,000. నువ్వు 400 దగ్గర కొనాలనుకుంటున్న షేరు 388 కిందికి జారితే నీ అంచనా తప్పినట్టే అని చార్టు చెబుతోంది, తేడా 12 రూపాయలు, కాబట్టి 250 షేర్లు. అంతే, ఎంత నమ్మకం ఉన్నా 251 కూడా వద్దు. సగం పెట్టుబడి పోయాక మళ్ళీ మొదటికి రావాలంటే మిగిలినది రెట్టింపు కావాలిరా, అందుకే ఈ లెక్క.

2024 ఎన్నికలప్పుడు చూడు. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న మార్కెట్ సూచీ నిఫ్టీ 3 శాతం పైగా ఎగిరింది, ఫలితాల రోజు 4న దాదాపు 6 శాతం పడింది, 7వ తేదీకి మళ్ళీ 3వ తేదీ ముగింపు పైకి వచ్చేసింది. 3న అప్పు మీద పెద్ద క్వాంటిటీ కొన్నవాడి అంచనా నాలుగు రోజుల్లో నిజమే అయింది, కానీ 4న పడినప్పుడే బ్రోకరు అమ్మేయడంతో అప్పటికి వాడి ఖాతాలో ఏమీ లేదు. దిశ సరిగ్గా పట్టుకున్నా, సైజు తప్పితే పోతాం.

రొయ్యల చెరువులో వైట్ స్పాట్ తెగులు కనబడితే మీ నాన్న ఏం చేస్తాడు? కౌంట్ ఇంకా రాలేదు, రొయ్య సైజు పెరగాలి, పది రోజులు ఆగుదాం అనుకోడు, వెంటనే పట్టుబడికి దిగిపోతాడు. స్టాప్‌లాస్ అంటే అదే, ధర ఇంతకు పడితే అమ్మెయ్యమని ముందే పెట్టే ఆర్డరు. కొన్న వెంటనే సిస్టంలో పెట్టెయ్యి, ధర దగ్గరికి వస్తోందని కిందికి జరపకు.

మార్కెట్ తెరిచి ఉండే 9:15 నుంచి 3:30 దాకా కొత్త ఆలోచనలు చేయొద్దు. రాత్రి భోజనం అయ్యాక నోట్‌బుక్ తీసి ఏ షేరు, ఎందుకు, ఎక్కడ కొనాలి, ఎక్కడ బయటికి రావాలి అన్నీ రాసుకో, పొద్దున్న అది చేయడమే నీ పని. ముందు నిఫ్టీ వారం చార్టు, తర్వాత ఆ రంగం, ఆ తర్వాతే షేరు, 5 నిమిషాల చార్టుతో మొదలుపెట్టేవాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ధర పెరుగుతున్నా వాల్యూమ్, అంటే చేతులు మారే షేర్ల సంఖ్య, రావడం లేదంటే అనుమానించు. రిజర్వ్ బ్యాంకు పాలసీ, ఆ కంపెనీ ఫలితాలు ఏ రోజో ముందే చూసుకుని ఆ రోజుల్లో సైజు తగ్గించు.

ఇంకో మాట, ఇది మన ప్రాంతం వాళ్ళకే. రొయ్యల సంగతి మనకు తెలుసు కదా అని ఆ కంపెనీల షేర్లలోనే డబ్బంతా పెట్టేస్తారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే అవంతి ఫీడ్స్, ఏపెక్స్ లాంటి షేర్లు గట్టిగా పడ్డాయి, ఇక్కడ రొయ్య రేటూ పడింది. ఇంటి రాబడి చెరువు మీదే ఉన్నప్పుడు పెట్టుబడి కూడా దాని మీదే ఎందుకు? రెండూ ఒకే రోజు మునుగుతాయి.

పోయింది ఇవాళే రాబట్టాలి అనిపించడం అందరికీ ఉంటుంది, తెలివైనవాళ్ళకి ఇంకా ఎక్కువ. రోజులో రెండు స్టాప్‌లాస్‌లు తగిలితే యాప్ మూసేసి కాలవ గట్టు మీద నడిచిరా. వరుసగా లాభం వచ్చినప్పుడు కూడా జాగ్రత్తే, అప్పుడే క్వాంటిటీ పెంచాలనిపిస్తుంది. ప్రతి ట్రేడ్ పక్కన ఆ క్షణంలో భయపడ్డావా, ఆశపడ్డావా రాసిపెట్టు. టెలిగ్రాంలో టిప్స్ ఇచ్చేవాణ్ణి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, చాలామంది అక్కడే ఆగిపోతారు. చెరువు లీజు డబ్బు, మేత డబ్బు, అమ్మ బంగారం మీద లోను, వీటిలో రూపాయి కూడా ముట్టుకోకు. ఇంటి ఖర్చుకి ఏడాదికి సరిపడా విడిగా పెట్టాకే ఉద్యోగం సంగతి ఆలోచించు.

ఆదివారం పాలకొల్లు వస్తావుగా, నోట్‌బుక్కు, ఈ నెల కాంట్రాక్ట్ నోట్లు, అదే బ్రోకరు పంపే ట్రేడ్ల బిల్లులు, పట్టుకురా. బ్రోకరేజీ, షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్‌టీటీ, జీఎస్‌టీ అన్నీ పోగా నిజంగా ఎంత మిగిలిందో ఇద్దరం కూర్చుని లెక్క తేలుద్దాం.

మీ మావయ్య